అట్లకాడ అత్త బోణీ

ఆ రోజుల్లో, మొదట్నుంచీ చేస్తున్న పనిలోనే ఉండిపోయినవాడిని మా ఊళ్ళో కాస్త జాలిగా చూసేవారు. దేశం తలుపులు తెరిచిందని పేపర్లు రాస్తున్నాయి. ఆ తలుపు ఎక్కడుందో తెలియకపోయినా అందరూ అటువైపు నడవడం మొదలుపెట్టారు. మా డ్రాయింగ్ మాస్టారు నీళ్ళ ఫిల్టర్ల ఏజెంటు అయ్యారు. బొగ్గుగని ఆఫీసులో జీవితమంతా హాజరు పట్టీ రాసిన గుమాస్తా బస్టాండు పక్కన బల్ల వేసుకుని షేర్ల దరఖాస్తులు నింపి పెడుతున్నాడు. జిల్లాలో పేరున్న కబడ్డీ ఆటగాడు ఎస్టీడీ బూతు పెట్టాడు (గుక్క తిప్పుకోకుండా మాట్లాడే గిరాకీలను ఆయన చూసే చూపులో ఎంత గౌరవం ఉండేదో చెప్పలేను). ఇక పేపరు తిరగేస్తే క్రికెట్ ఆడినవాళ్ళు హోటళ్ళు తెరుస్తున్నారు, హీరోయిన్లు బ్యూటీ పార్లర్లు తెరుస్తున్నారు, విలన్లు చేతులు జోడించి ఓట్లడుగుతున్నారు. అవన్నీ బొంబాయిలోనో మద్రాసులోనో జరిగే ముచ్చట్లు, మనకేమిటిలే అనుకున్నాం. అనుకుంటూ ఉండగానే ఒక సినిమా తార చీరల దుకాణం పెట్టడానికి ఏకంగా మా చాందాకు (బోర్డుల మీద చంద్రపూర్ అని రాస్తారు గానీ మాకు ఇప్పటికీ చాందానే), అందులోనూ గోల్ బజారుకు, అందులోనూ సరిగ్గా మా స్టీలు సామాన్ల దుకాణం పక్క గదిలోకి దిగింది.

తార అంటే హీరోయిన్ అనుకునేరు. గయ్యాళి అత్త. ముప్పై ఏళ్ళపాటు దొరికిన ప్రతి కోడలి మీదికీ అట్లకాడ ఎత్తిన మనిషి. ఆవిడ అసలు పేరు ఎవరికీ పట్టలేదు, అందరికీ అట్లకాడ అత్త. మాజ్రి, బల్లార్పూర్ నుంచి మా ఊరి దాకా గని కాలనీల్లో తెలుగువాళ్ళంతా వీడియో క్యాసెట్లు అద్దెకు తెచ్చుకుని చూసేవారు. హీరో ఎవరో మరిచిపోయినా, ఆవిడ ఏ సినిమాలో ఎవరి వీపు మీద అట్లకాడ విరగ్గొట్టిందో మాత్రం పిల్లలు కూడా చెప్పేవారు. ఆవిడ తమ్ముడు ఇక్కడ సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆయనే "తెలుగువాళ్ళు కుప్పలుగా ఉన్నారక్కా, మంచి తెలుగు చీరల కొట్టు ఒక్కటీ లేదు" అని రప్పించాడు. అక్కా తమ్ముళ్ళ మధ్య ఒక ఒప్పందం కూడా కుదిరింది. దసరా దాకా చూడాలి. కొట్టు నిలబడితే ఇక్కడే ఉండాలి. లేకపోతే మద్రాసు బండెక్కాలి. అక్కడ ఒక టీవీ సీరియల్లో అత్త వేషమూ, కొత్త అట్లకాడా ఎదురుచూస్తున్నాయి. "అట్లకాడ ఇంక ముట్టుకోను" అని ఆవిడ మొదటిరోజే మా దుకాణం గడపలో నిలబడి మా బాపుతో (మా నాన్నను అలాగే పిలుస్తాం) అంది. మా బాపు చేతిలో అప్పుడు అట్లకాడల కట్ట ఉంది.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. బీకాం గట్టెక్కి, బాపు దుకాణంలో గల్లా పక్కన కూర్చునేదాన్ని. బజారులో నాకంటే గొప్ప బేరగత్తె లేదని నా నమ్మకం (ఈ నమ్మకం ఇంకెవరికీ ఉన్నట్టు సాక్ష్యం లేదు). దుకాణాల మధ్య పెరిగిన పిల్లను. నచ్చిన వస్తువును ముట్టుకోకూడదని, నచ్చనిదాన్ని మాత్రమే తిప్పితిప్పి చూడాలని నాకు అక్షరాలకంటే ముందు నేర్పారు. అక్షరాలంటే మరాఠీవి. ఇంట్లో తెలుగే మాట్లాడినా, బడి అంతా మరాఠీ కాబట్టి నాకు తెలుగు చదవడం, రాయడం రాదు. దాన్నొక లోపమని అప్పటిదాకా ఎవరూ అనలేదు కూడా.

కొట్టు తెరిచిన రోజు గోల్ బజారులో సైకిలు పోయే సందు లేదు. ఆటోలు మాట్లాడుకుని, టిఫిన్లు కట్టుకుని వచ్చారు జనం. అయితే వాళ్ళు చీరల కోసం రాలేదు. ఎవరో ఒక తెలివైన గని కార్మికుడు ముందు మా దుకాణంలోకి వచ్చి ఒక అట్లకాడ కొన్నాడు. అది పట్టుకుని పక్క కొట్లోకి పోయి, "అత్తా, ఒక్కసారి ఇది ఎత్తి మా ఆమెను తిట్టరాదూ, శానా ఆశతోని వచ్చినం" అని బతిమాలాడు. ఆవిడ కాదనలేకపోయింది. ఎత్తి, తిట్టింది. తిట్టు తిన్న ఇల్లాలు ఆనందంతో కళ్ళు తుడుచుకుంది. అంతే, వెనకున్న వరస వరసంతా మా దుకాణం వైపు తిరిగింది. మధ్యాహ్నానికల్లా మా అట్లకాడలు అయిపోయాయి. పక్క కొట్లో మాత్రం ఒక్క చీర మడత విప్పితే ఒట్టు. బాపు ఆ సాయంత్రమే నాగపూర్‌కు కబురు పెట్టి మూడు పెట్టెల అట్లకాడలు తెప్పించాడు. "ఆమె ఇక్కడ నూరేండ్లుండాలె" అన్నాడు మనస్ఫూర్తిగా.

పది రోజులయ్యేసరికి తిట్లు తినేవాళ్ళు పలచబడ్డారు, కొనేవాళ్ళు మాత్రం రాలేదు. వచ్చిన ఒకరిద్దరికీ ఆవిడ అమ్మలేకపోయింది. సినిమాలో అంత నోరున్న మనిషి బయట మైనం. బామ్ని నుంచి వచ్చిన ఒకామె నీలం చీర పట్టుకుని ధర అడిగింది. నేను మా మెట్ల మీద నుంచి చూస్తున్నాను.

"మూడొందలమ్మా" అంది ఆవిడ.

"రెండొందలకిస్తవా?"

"మీ ఇష్టమమ్మా, తీసుకోండి."

బామ్ని ఆమె ఉలిక్కిపడింది. చీరను వెలుగుకు పట్టి చూసింది, అంచు లాగి చూసింది, వాసన చూసింది. అడగ్గానే ఇచ్చిన చీరలో చిరుగు లేకుండా ఉంటుందా? మెల్లగా కింద పెట్టి, పక్క గల్లీలోకి పోయి, అలాంటిదే మరో నీలం చీరను ఒక గంట పోట్లాడి రెండొందల ఎనభైకి కొనుక్కుని, గెలిచిన ముఖంతో మా ముందు నుంచే వెళ్ళిపోయింది. నాకు గుండె తరుక్కుపోయింది. బేరం అనే మహావిద్యకు ఇంతటి అవమానం నా కళ్ళముందు జరగడం అదే మొదలు.

ఇక ఉండబట్టలేక పక్క కొట్లోకి పోయి "అత్తమ్మా" అని మొదలుపెట్టాను. "ఆ మాటొక్కటి వద్దు. అక్కయ్యా అను" అంది. యాభై దాటిన మనిషిని అక్కయ్యా అనడానికి నోరు తిరగలేదు గానీ, గద్దె మీద ఉన్న ఒక చిలకాకుపచ్చ చీర మీద నాకు అప్పటికే కన్నుపడింది (దాన్ని ముట్టుకోలేదని వేరే చెప్పాలా?). "అక్కయ్యా, బేరం నేను నేర్పిస్త. నీ కొట్టు నడిస్తే ఆ చీర నాకు ఉత్తగనే ఇయ్యాలె" అన్నాను. ఆవిడ సరేనంది. అసలు మూడు చీరలడిగి రెండుకు దిగాల్సింది కదా అని ఆ రాత్రంతా బాధపడ్డాను.

పాఠం మొదటిరోజే ఒక చిక్కు వచ్చింది. ఆవిడ సొంతంగా ఒక్క ముక్క అనలేదు. "డైలాగు రాసివ్వు అమ్మాయ్. కాగితం మీదుంటే చాలు, ఎవరినైనా అంటాను" అంది. బేరంలో గిరాకీ ఏమంటే మనం ఏమనాలో నాలుగు పేజీలు రాసి ఇచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది, తీసింది, కాగితం తలకిందులు చేసి చూసింది.

"ఇదేం భాష?"

"తెలుగే అక్కయ్యా. అక్షరాలే మరాఠీవి."

"నీకు తెలుగు రాదా?"

"వస్తది. రాయరాదు."

ఆవిడ నన్ను అంత జాలిగా ఎందుకు చూసిందో అప్పుడు తెలియలేదు. "ఖాళీగా కూర్చునే బదులు నేను నేర్పుతాను రా" అంది. "గోల్ బజార్ల బోర్డులు సదవనీకి మరాఠీ సాలు" అన్నాను తెలివిగా. చివరికి ఆవిడే ఉపాయం చెప్పింది. సినిమా సెట్లో కాగితం పట్టుకుని నటించరట. కెమెరా పక్కన ఒకడు నిలబడి డైలాగు అందిస్తుంటాడట, నటులు దాన్ని పట్టుకుని అనేస్తారట. మాటలు తర్వాత ఎలాగూ డబ్బింగులో అతికిస్తారట. దాన్ని ప్రాంప్టింగ్ అంటారట. "ఎంత పెద్దదైనా ఒక్కసారి చెవిన పడితే చాలు, పొల్లుపోకుండా అనేస్తాను" అంది. ఆ పొల్లుపోకుండా అన్న మాట దగ్గర నేను ఆగి ఆలోచించవలసింది.

నా చోటు గద్దె వెనక, లోపలి లంగాల కట్టల మధ్య. అక్కడ నుంచి నేను గుసగుసలాడితే, ఆవిడ చెవి కొంచెం వంచి, అదే మాటను సినిమా గొంతుతో బజారంతా వినిపించేలా అనేది. "గిట్ల బేరం జేస్తే మేం బతుకుడెట్లనవ్వా" అని మద్రాసు తార మా భాషలో అనేసరికి గిరాకీలు నోళ్ళు తెరిచేవారు. చేయి గుండెల మీదికి పోయేది, కన్నీటి చుక్క రెప్ప అంచుకొచ్చి ఆగేది. రోజుకు ఒకటి రెండు చీరలు కదలసాగాయి. అయితే కొన్నవాళ్ళు కూడా చివర్లో "ఒక్కసారి తిట్టు అత్తా" అనే వెళ్ళేవారు. "వాళ్ళు చీర కొనలేదమ్మాయ్, టిక్కెట్టు కొన్నారు" అనేది ఆవిడ. మా బాపు సంగతి వేరు. "నీకేం పని ఆడ? ఆమె మంచి దుకాణందారయితే మన సరాటాలు ఎవరు కొంటరు?" అని నన్ను కోప్పడేవాడు (మా వైపు మరాఠీలో అట్లకాడను సరాటా అంటారు). ఆయన మూడు పెట్టెల్లో రెండు ఇంకా విప్పనే లేదు.

దసరా ఇంక నాలుగు రోజులుందనగా, పొద్దున్నే, గోండ్‌పిప్రి బస్సు దిగి ఒక పెద్దమ్మ వచ్చింది. వెనక ఇద్దరు కోడళ్ళు. చిన్న కొడుకు పెళ్ళి, ఇంటిల్లిపాదికీ చీరలు కావాలి. తమ్ముడుగారు ముందురోజే "మద్రాసుకు టిక్కెట్టు తీయనా అక్కా" అని అడిగి వెళ్ళాడు. ఈ బేరం కుదిరితే కొట్టు ఉంటుంది, కుదరకపోతే అట్లకాడే గతి. అక్కయ్యకు తెలుసు, నాకూ తెలుసు. పెద్దమ్మకు మాత్రం ఎదురుగా ఉన్నదెవరో తెలియదు. పొలం పనుల్లో పడి సినిమా మొహమే చూడని మనిషి. కోడళ్ళు మాత్రం చూడగానే గుర్తుపట్టి, ఒకరి చేయి ఒకరు గిల్లుకుని, అత్త ముందు నోరెత్తే ధైర్యం లేక పైట కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఇంట్లో ఉన్న అసలు అత్తా, తెరమీది అత్తా ఎదురెదురుగా కూర్చుంటే చూసే భాగ్యం ఎందరికి దొరుకుతుంది?

"భవానీ ఏలకొచ్చిన. మంచి మాట చెప్పు" అంది పెద్దమ్మ, గద్దె మీద సర్దుకుని.

"నా పేరు భవాని కాదమ్మా" అంది అక్కయ్య వినయంగా.

లంగాల వెనక నేను నుదురు కొట్టుకున్నాను. మా వైపు బోణీని మరాఠీవాళ్ళు భవానీ అంటారని చెప్పడం మరిచిపోయాను. "బోణీ అక్కా, బోణీ" అని గబగబా అందించాను.

"బోణీ అక్కా, బోణీ" అంది ఆవిడ గట్టిగా.

"అక్కా అంటున్నవ్, సంతోషం. అయితే అక్కకిచ్చినట్టే ఇయ్యి" అంది పెద్దమ్మ. నాకు అప్పుడైనా బుద్ధి రావలసింది. రాలేదు.

బేరం మొదలైంది. అక్కయ్య నాలుగొందలంది, పెద్దమ్మ రెండొందలంది. "రెండొందలకు నూలు గూడ రాదవ్వా, జరీ గోకి సూడు" అన్నాం మేమిద్దరం (నేను మెల్లగా, ఆవిడ గట్టిగా). పెద్దమ్మ నిజంగానే గోకి చూసింది. నచ్చిన మెరూన్ చీరను పక్కకు నెట్టి, నచ్చని పసుపు చీరను తిప్పి తిప్పి చూసింది. లంగాల సందులోంచి అది చూసి నాకు ఒళ్ళు పులకరించింది. ఈమె నా గురువులకు గురువు. ఒక గంట గడిచింది. మేం మూడొందల ఇరవైకి దిగాం, ఆమె రెండొందల అరవైకి ఎక్కింది. ఆమె గొంతులో చిన్న అలసట వినబడింది. ఆ ఉత్సాహంలో, ప్రాంప్టింగ్ సంగతే మరిచి, నా మనిషితో నేను రహస్యం చెప్పుకున్నట్టు గుసగుసలాడాను.

అక్కయ్య చెవి వంచింది. చేయి గుండెల మీద పెట్టుకుంది. కన్నీటి చుక్కను రెప్ప అంచుకు తెచ్చింది. "అక్కా, ఇంక దిగకు. మనకు పడ్డది రెండొందల పది. ముసలామె మెత్తవడ్డది, మూడొందలకు ఒప్పుకుంటది" అంది, పొల్లుపోకుండా, ఎదుటి వరస దుకాణాలకు కూడా వినిపించేలా.

చిన్న కోడలికి కొంగు సరిపోక పెద్ద కోడలి కొంగు కూడా నోట్లో పెట్టుకుంది. నేను ఒక లంగా తీసి మొహం మీద కప్పుకున్నాను.

"రెండొందల పది పడ్డదా?" అంది పెద్దమ్మ. "కొన్న ధర చెప్పే దుకాణపోళ్ళు ఈ భూమ్మీద ఉన్నరా? నువ్వు రెండొందల పది అన్నవంటే నీకు పడ్డది నూటయాభై. నూటడెబ్బై ఇస్త, కట్టు."

అక్కయ్య నా వైపు చెవి వంచి కూర్చుంది. నా దగ్గర డైలాగు లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బేరంలో ఎన్ని రకాల అబద్ధాలొస్తాయో, ఒక్కొక్కదానికి ఏం జవాబు చెప్పాలో నాకు నేర్పారు. మధ్యలో నిజం వస్తే ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు. అక్కయ్య ఇంకాసేపు చూసి, చెవి సర్దుకుని, నిటారుగా కూర్చుంది. ఈసారి వచ్చిన గొంతు సినిమాది కాదు. సన్నగా ఉంది.

"ముప్పై ఏళ్ళు అబద్ధాలాడి బతికానమ్మా. అన్నీ నమ్మారు జనం. ఇవాళ పొరపాటున ఒక్క నిజం నోరుజారితే నూటయాభై అంటారా? నేను ఇవ్వను. మూడొందలిచ్చినా ఇవ్వను. లేవండి." అని ఆ మెరూన్ చీరను తీసి మడత పెట్టింది. తర్వాత పసుపుది. తర్వాత మిగిలినవి, ఒక్కొక్కటే, చేత్తో రాసి, అంచు అంచుకు కలిపి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బేరంలో గిరాకీ చేతిలో ఉండే ఆఖరి అస్త్రం లేచి పోవడం. దుకాణందారు చేతిలో ఉండే ఆఖరి అస్త్రం మడత పెట్టడం. మొదటిది అందరికీ వచ్చు. రెండోది చాలా కష్టం, ఎందుకంటే నిజంగా అమ్మననుకుంటే తప్ప ఆ మడత సరిగ్గా పడదు. నేను ఆవిడకు ఆ పాఠం చెప్పనే లేదు. నాకే రాదు.

పెద్దమ్మ లేచింది. ఒక మెట్టు దిగింది. ఎవరూ పిలవలేదు. రెండో మెట్టు దిగింది. వెనక నుంచి చీరలు మడత పెడుతున్న చప్పుడే. మూడో మెట్టు మీద ఆమె చెప్పు ఊడింది (బేరమాడే ప్రతివాళ్ళకూ చెప్పు మూడో మెట్టు మీదే ఊడుతుంది). చెప్పు సర్దుకోవడానికి వంగి, లేచి, అక్కయ్య చేతుల వంక కాసేపు చూసింది.

"ఏందవ్వా, మాట అంటె గట్ల మడత పెట్టేస్తవా? కూసోని మాట్లాడుకుందాం" అని వెనక్కి వచ్చింది.

అక్కయ్య నా సాయం లేకుండా రెండొందల ఎనభై దగ్గర ఆగింది. అక్కడి నుంచి కదల్లేదు. పెళ్ళి చీరలన్నీ, కోడళ్ళవి, ఆడబిడ్డలవి, ఆఖరికి వంటామెది కూడా అక్కడే కట్టించారు. పోతూ పోతూ పెద్దమ్మ గడపలో నిలబడి, "మంచి గట్టిదానివే దుకాణపామె. మళ్ళ పెండ్లికి గూడ నీ తానకే వస్త" అంది. వెనక కోడళ్ళిద్దరూ దండం పెట్టారు. తిట్టమని మాత్రం అడగలేదు.

అక్కయ్య లంగాల కట్టలు తొలగించి నా పక్కన కూలబడింది. "విన్నావా అమ్మాయ్. దుకాణపామె అంది" అంది. రెప్ప అంచున చుక్క ఉంది, కానీ ఈసారి అది ఆగకుండా కిందికి జారింది.

దసరా రోజున ఆవిడ తమ్ముడి చేతిలో, ఇక్కడి వాడుక ప్రకారం, బంగారమని ఆపటా ఆకు పెట్టి, సీరియల్ వాళ్ళకు రానని చెప్పమంది. మా బాపు రెండు పెట్టెల అట్లకాడలు అలాగే మిగిలిపోయాయి. ఆ తర్వాత చాలా ఏళ్ళు మా చుట్టాల్లో ఏ పెళ్ళి జరిగినా బాపు కానుక అట్లకాడే.

పండుగ మర్నాడు నా చిలకాకుపచ్చ చీర కోసం వెళ్ళాను. ఆవిడ గద్దె మీద, సరిగ్గా దుకాణందార్లు కూర్చున్నట్టు ఒక కాలు మడిచి కూర్చుని ఉంది. "ఇస్తానన్నాను, నిజమే. కానీ భవానీ వేళ, ఉత్తగా ఎలా ఇస్తాను?" అంది. నేను వాదించాను, ఇచ్చిన మాట గుర్తుచేశాను, ఆఖరికి లేచి మూడో మెట్టు దాకా కూడా పోయాను. పిలవలేదు. వెనక్కి చూస్తే చీర మడత పెడుతోంది. "ధర చెప్పు" అన్నాను ఓడిపోయి. "ఫలానా చీర కావాలని తెలుగులో రాసి ఇవ్వు. అదే ధర" అంది.

పలకా బలపం ఆవిడే ఇచ్చింది. మధ్యాహ్నాలు గిరాకీ లేనప్పుడు, లంగాల కట్టలకు ఆనుకుని, అ ఆలు దిద్దాను. దీపావళి దాటింది, కార్తీకమూ దాటింది. ఒకరోజు చీటీ రాసి గర్వంగా గద్దె మీద పెట్టాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివి, కాగితం వెనక్కి నెట్టింది.

"చిలకాకుపచ్చ చిర. మా కొట్లో చిరలుండవమ్మాయ్. చీరలే ఉంటాయి. దీర్ఘం తెచ్చుకో, ఇస్తాను."

తెచ్చుకున్నాను, ఇచ్చింది. ఆ కొట్టు ఇప్పుడు లేదు, అక్కయ్యా లేదు. ఆ చీర కట్టి కట్టి, అంచు చిరిగి, ఇప్పుడు నా కుట్టుమిషను మీద ముసుగుగా ఉంది. అంత బేరగత్తెనని విర్రవీగిన నేను ఆ ఒక్క బేరంలో రెండు నెలలు కూర్చుని పూర్తి ధర చెల్లించాను. ఇదంతా తెలుగులో రాయగలుగుతున్నానంటే, ఎవరు ఎవరిని ఓడించారో నాకు ఇవాళ్టికీ లెక్క తేలదు. ఒక్కటి మాత్రం గమనించాను. ఎప్పుడైనా చీర అని రాయవలసి వస్తే, ఎవరో కళ్ళజోడు సర్దుకుని చూస్తున్నట్టనిపించి, ఆ దీర్ఘాన్ని అవసరానికంటే కొంచెం ఎక్కువగానే లాగుతాను.